ఆకుమచ్చ పొడి

జక్రయ్యకి ఒకచోట కూర్చోవడం చేతకాదు. డాక్టరు గది బయట ఇనుప కుర్చీలో ఇలా కూర్చున్నాడో లేదో అలా లేచాడు. కారిడారు చివరిదాకా పోయి, కిటికీలోంచి గుంటూరు రోడ్డు చూసి, వెనక్కి వచ్చి కూతురి నెత్తిమీద నిలబడ్డాడు.

"కుర్చీలో ముళ్ళున్నయ్యా నాన్నా?" అంది ఫెబా.

"ఇంకెంతసేపంట?"

"నా ముందు జనం ఉన్నారు. నువ్వు నడిచినందువల్ల వాళ్ళేం లోపలికి పోరు."

ఫెబా ఎడమకాలు ఎదురు కుర్చీ మీద చాపుకుని ఉంది. పాదానికి పైన కట్టు. కట్టు మీద పచ్చటి మరక.

పోయిన మిరప కోతల్లో విరిగింది ఆ కాలు. ఫెబా ముఠా మేస్త్రి. ఊళ్ళో ఆడకూలీలని పోగేసి, ఏ చేలో ఎందరు దిగాలో చెప్పి, తనూ వాళ్ళతో కాయ కోసేది. పెళ్ళి చేసుకోనని తల్లి బతికుండగానే తేల్చి చెప్పి ముఠా పెట్టుకుంది. ఆ రోజు సాగర్ కాలవ మలుపులో ఆటో పల్టీ కొట్టింది. మిగతా ఆడాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. ఫెబాకి మాత్రం ముంగాలి ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేసి మరలు బిగించారు. కుట్లు మానాయి. మానిన చోటే కొన్నాళ్ళకి కందిగింజంత చిల్లి పడింది. అందులోంచి చీము.

ఊళ్ళో ఆర్‌ఎంపీ బాబ్జీ సూదులు పొడిచాడు. చిల్లి మూసుకుంది. సూదులు ఆపగానే తెరుచుకుంది. బాబ్జీ ఇంకో రకం సూది పొడిచాడు. వానాకాలమంతా మూసుకోవడం, తెరుచుకోవడం. చివరికి ఎవరో చెబితే ఎముకల డాక్టరు శిల్ప దగ్గరికి వచ్చారు.

డాక్టరు శిల్ప ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది. "ప్లేటు కింద ఎముకకి ఇన్ఫెక్షన్ పట్టిందమ్మా. పైన పుండు కాదిది, లోపలి నుంచి వస్తోంది" అంది.

"మంచి ఇంజెక్షన్ రాయండి మేడం" అన్నాడు జక్రయ్య.

"రాయను. ఇప్పటిదాకా వాడినవి కూడా ఆపెయ్యాలి. రెండు వారాలు ఏ యాంటీబయాటిక్కూ పడకూడదు. సూది వద్దు, బిళ్ళ వద్దు, పైన పూసేది కూడా వద్దు. ఆ తర్వాత లోపలినుంచి ఎముక ముక్కలు తీసి ల్యాబుకి పంపుతా."

"చీము కారతా ఉంటే మందు ఆపమంటారా?"

"అరకొరగా మందు పడుతుంటే లోపలి క్రిమి చావదు. అణిగి కూర్చుంటుంది. అణిగినదాన్ని ల్యాబులో పెంచలేం. పెంచలేకపోతే అది ఏ క్రిమో తెలీదు."

"పేరు తెలిసి ఏం చేస్తాం మేడం? చస్తే చాలదా?"

"ఏదో తెలిస్తేనే దేనికి చస్తుందో తెలిసేది. ఇన్నాళ్ళూ తెలీకుండా కొట్టారుగా, చచ్చిందా?"

ఫెబా నవ్వింది. జక్రయ్యకి నవ్వు రాలేదు.

"ఒక్కటి గుర్తు పెట్టుకోండి" అంది డాక్టరు. "జ్వరం వచ్చినా, చలి పుట్టినా, ఎరుపు పైకి పాకినా, ఇంకా రెండు వారాలు కాలేదని ఆగొద్దు. అదే గంటలో బయల్దేరి రండి."

"ఇది తేలకపోతే?" అని ఫెబా అడిగింది.

డాక్టరు ఆమె మొహంలోకి చూసి చెప్పింది. "ఇట్లాగే ముదిరితే మోకాలి కింద తీసెయ్యాల్సి రావచ్చు. ఆ పని పడకూడదనే ఇదంతా."

"ఏదీ వాడను మేడం, మాటిస్తున్నా" అంది ఫెబా.

తిరుగు బస్సులో ఫెబా కిటికీకి తలానించి నిద్రపోయింది. జక్రయ్య సత్తెనపల్లి వచ్చేదాకా కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడు, పక్క సీటు ఖాళీగా ఉన్నా.

అతని భార్య మార్తమ్మకి జ్వరం వచ్చినప్పుడు పెద్ద ఆస్పత్రికే తీసుకుపోయారు. అక్కడ అందరూ ఒకే మాట. రిపోర్టు రానివ్వండి. తెల్లకోటు వేసుకున్న ప్రతివాడూ ఆ మాటే అని పక్క మంచానికి పోయేవాడు. మార్తమ్మ రిపోర్టు కోసం ఆగలేదు. సమాధుల దొడ్లో మట్టి వేస్తుండగా జక్రయ్య ఫోను మోగింది. మీ రిపోర్టు రెడీ అయింది, వచ్చి తీసుకోండి అన్నారు. ఆ గొంతుని అతను ఇంతవరకూ క్షమించలేదు. పాస్టరు క్షమాపణ గురించి ప్రసంగం మొదలుపెడితే లేచి బయటికి పోయేవాడు.

పైరు విషయంలోనూ అతనికి ఆగే అలవాటు లేదు. ఆకు ముడుచుకుంటే చాలు, రెండు మూడు రకాల పురుగుమందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టేవాడు. ఏ పురుగో వంగి చూసింది లేదు. చుట్టుపక్కల చేలల్లోనూ అంతే, పక్కవాడు ట్యాంకు భుజానికెత్తితే వీడూ ఎత్తాల్సిందే. నల్లతామర పురుగు వచ్చిన ఏడు కొట్టనిదంటూ లేదు, అయినా తోట మాడిపోయింది. ఆలస్యంగా కొట్టానన్నదే అతనికి ఆ ఏడు మిగిలిన బాధ.

కట్టు మార్చే పని జక్రయ్యదే. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో తుడిచి పొడి గుడ్డ వెయ్యమంది డాక్టరు, అంతే. ఫెబా ఆ చిల్లి వైపు చూసేది కాదు. కట్టు విప్పుతున్నంతసేపూ ఫోను చెవికి పెట్టుకుని ముఠా వాళ్ళతో మాట్లాడుతుండేది.

"చెంచమ్మా, ఆ కాలవ కింద చేలో తెల్లబోయిన తాలుకాయ వేరే బుట్టలో వెయ్యమను. కలిపితే ఆసామి నా మీద పడతాడు... ఆ, కాలా? ఉంది, ఇంకా నాతోనే ఉంది."

మందు ఆపాక చీము పెరిగింది. మొదట మరక, తర్వాత చుక్కలు. ఒకరోజు గుడ్డ పిండితే కారేంత. వాసన ఇల్లంతా పట్టింది. జక్రయ్యకి తిండి సయించలేదు. చేలోకి పోయేవాడు, సాలు మధ్యలో ఆగి ఇంటికి తిరిగొచ్చేవాడు, గుమ్మంలోంచి కూతురి కాలు చూసి మళ్ళీ చేలోకి పోయేవాడు.

"నాన్నా, ఆ తిరుగుడేంది? నాకు కళ్ళు తిరుగుతన్నయ్."

"నీకు భయమెయ్యట్లా?"

"ఉంది. డాక్టరుకి మాటిచ్చాగా. ఆగుదాం."

అదే వారంలో తుపాను ముసురు పట్టింది. వాన వెలిసేసరికి మిరపాకు మీద మచ్చలు. జక్రయ్య సత్తెనపల్లి వెళ్ళి మాబు పురుగుమందుల కొట్టు ముందు నిలబడ్డాడు.

"ఆకుమచ్చ పొడియ్యి మాబూ. ఎన్ని ప్యాకెట్లుంటే అన్ని."

"తోట మొత్తం మునిగిందా ఏంది మామా, అన్నెందుకు?" మాబు చిన్న ప్యాకెట్లు బల్ల మీద పడేశాడు. "నీళ్ళల్లో చిటికెడు చాలు. ఇదేమన్నా పురుగుమందా, యాంటీబయాటిక్. మనుషులకి ఆస్పత్రిలో పొడిచే సరుకే ఆకుల మీద కొడతన్నాం. మిరప చెట్టు నీకన్నా నాకన్నా దర్జాగా బతుకుతోంది."

మాబు నవ్వుతూ అన్నాడు. జక్రయ్య మాత్రం ప్యాకెట్టు పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు.

మర్నాడు కట్టు విప్పినప్పుడు గిన్నెలో కాచిన నీళ్ళున్నాయి. అందులో చిటికెడు పొడి కలిపాడు. సూది పీకేసిన సిరంజిలోకి ఆ నీళ్ళు లాగి, దాని మూతి చిల్లిలో పెట్టి నొక్కాడు.

"అబ్బా! మండుతోంది, ఏందది?"

"ఉప్పునీళ్ళు మండవా మరి?"

ఫెబా పళ్ళు బిగపట్టి ఫోనులోకి మాట్లాడింది.

కూతురికి చెప్పలేదతను. చెబితే ఒప్పుకోదు. మాటిచ్చానంటుంది. మాట ఇచ్చింది ఆమె, తను కాదు అనుకున్నాడు. పూటపూటకీ చిల్లిలో పొడినీళ్ళు కొట్టాడు. నాలుగు పూటలు గడిచేసరికి గుడ్డ మీద చీము చుక్క లేదు. వాసన పోయింది. జక్రయ్య చాలా కాలానికి కడుపునిండా తిన్నాడు. తిని, గుంటూరు ఉన్న దిక్కుకి మొహం పెట్టి, "రిపోర్టంట, రిపోర్టు" అని ఉమ్మాడు.

చెప్పిన గడువుకి డాక్టరు శిల్ప చిన్న కోత పెట్టి, ఎముక దగ్గర్నుంచి ముక్కలు తీసి, విడివిడి సీసాల్లో ల్యాబుకి పంపింది. అంతకుముందు ఫెబాని అడిగింది, ఏమీ వాడలేదు కదా అని.

"బిళ్ళ నాలిక్కి కూడా తగల్లేదు మేడం."

"బాగా ఆరింది మరి. ఆశ్చర్యంగా ఉంది."

జక్రయ్య కిటికీలోంచి బయటికి చూశాడు.

మళ్ళీ పిలిచినప్పుడు డాక్టరు మొహంలో విసుగుంది. కంప్యూటరు తెర తమ వైపు తిప్పి చెప్పింది. "ఒక్క సీసాలో కూడా ఏమీ మొలకెత్తలేదు. సూక్ష్మదర్శినిలో చూస్తే చీము కణాలున్నాయి. లోపల క్రిమి ఉంది, దొరకలేదు. ఫెబా, నేను తిట్టను. చాలామంది బాధ తట్టుకోలేక వేసుకుంటారు, చెప్పరు. నువ్వేమైనా వేసుకున్నావా?"

"లేదు మేడం."

"బాబ్జీ అన్నావే, ఆయన్ని పిలిపించుకున్నావా?"

"లేదంటన్నా కదా! కూలాడదాన్ని కాబట్టి అబద్ధమాడతానా?" ఫెబా గొంతు పెరిగింది. "చర్చిలో నిలబెట్టి అడగండి. అక్కడా ఇదే చెప్తా."

డాక్టరు తెర మళ్ళీ తన వైపు తిప్పుకుంది. "సరే. నిన్ను నమ్ముతున్నా. నువ్వేమీ వాడకపోతే, మామూలు క్రిమి అయ్యుంటే దొరకాలి. దొరకలేదంటే టీబీ అనుమానించాలి. ఎముకకీ వస్తుంది. ఆ పరీక్షలో కూడా స్పష్టంగా తేలలేదు. ఒక్కోసారి తేలకపోయినా మందులు మొదలుపెట్టాల్సి వస్తుంది. నెలల తరబడి మింగాలి. కామెర్లు రావచ్చు, చూపు మందగించవచ్చు. అవి పని చెయ్యకపోతే ఈలోపు ఎముక ఇంకా పాడవుతుంది."

"మొదలుపెట్టండి" అంది ఫెబా. "మీరేదంటే అది."

డాక్టరు కలం తీసింది.

జక్రయ్య తలుపు దాకా పోయాడు. వెనక్కి వచ్చాడు. మార్తమ్మ మంచం పక్క నుంచి సంగతేంటో చెప్పకుండా పోయిన వాళ్ళని ఒక్కొక్కళ్ళనీ ఇన్నేళ్ళూ గుర్తు పెట్టుకుని తిట్టినవాడు. ఇప్పుడు ఈ గదిలో సంగతి తెలిసిన మనిషి తనొక్కడే.

"టీబీ కాదు మేడం" అన్నాడు.

కలం ఆగింది.

"నేను కొట్టా. చిల్లిలోకి. సిరంజితో. పిల్లకి తెలీదు."

"ఏం కొట్టారు?"

"మిరప తోటకి ఆకుమచ్చ పొడి."

డాక్టరు అర్థం కానట్టు చూసింది. జక్రయ్య మాబు ఇచ్చిన ప్యాకెట్టు పేరు చెప్పాడు. ఆమె ఫోనులో వెతికింది. చదువుతున్నకొద్దీ ఆమె మెడ ఎర్రబడింది.

"ఇందులో ఉన్నవి యాంటీబయాటిక్సే. ఒకదాన్ని టీబీకి సూదిగా ఇచ్చేవాళ్ళం. ఆకుల కోసం చేసిన పొడిని, శుభ్రం లేనిదాన్ని, తెరిచి ఉన్న ఎముకలోకి... మీకేం అనిపించలేదా?"

"చీము తగ్గింది."

"తగ్గలేదు! పైకి కనిపించకుండా పోయింది. మీ చెయ్యి పడ్డ మేర క్రిమి అణిగింది, నేను సరిగ్గా అక్కడే వెతికాను. ఇప్పుడు నేను మీ అమ్మాయికి లేని రోగానికి మందు రాయబోయాను."

తప్పయిందని జక్రయ్య అనలేదు. ఆ మాట అతని నోటికి అలవాటు లేదు. ఫెబా తండ్రి వైపు చూడలేదు.

"ఆయన్ని బయటికి పొమ్మనండి మేడం" అంది.

మళ్ళీ రెండు వారాలు ఆగాలంది డాక్టరు. ఈసారి చిన్న కోతతో వదలదు. ఎముక పూర్తిగా అతకలేదు కాబట్టి కాలుకి బయటినుంచి ఇనుప ఫ్రేము బిగించి, లోపలి ప్లేటు తీసేసి, చచ్చిన ఎముక గీకేస్తుంది. ముక్కలు అప్పుడు మళ్ళీ తీస్తుంది. కట్టుకి మాత్రం తండ్రి చెయ్యి తగలకూడదు.

ఊరు చేరగానే ఫెబా ఆటోని తమ ఇంటిదాకా పోనివ్వలేదు. చెంచమ్మ ఇంటి ముందు ఆపించి దిగిపోయింది. చెంచమ్మ ముఠాలో అందరికన్నా పెద్దది, జక్రయ్య తోటివయసుది, నోరుగలది.

జక్రయ్య పొద్దున ఆ వీధిలోంచి పోయేవాడు. మధ్యాహ్నం మళ్ళీ పోయేవాడు. సాయంత్రం ఏదో పని ఉన్నట్టు గోడ పక్కన నిలబడేవాడు.

"ఏందన్నా, కాపలాకి కుదిరావా మా ఇంటికి?" అని అరిచింది చెంచమ్మ. "నీ చేతిలో ఏమీ లేదుగా? చేతులు చూపించు. జేబు కూడా."

"చీము వస్తందా?"

"రాక తేనె వస్తదా? నీ పొడి ఆపినాక మళ్ళీ మొదలైంది. ఆడ నిలబడి ఉసూరుమనబాకు, పొయ్యి కాయ కోసుకో."

లోపలినుంచి ఫెబా గొంతు వినిపించింది. "చెంచమ్మా, వాకిట్లో ఎవరితో మాటలు? తలుపెయ్యి."

తలుపు పడింది. జక్రయ్య ఇంటికిపోయి అటక మీద మిగిలిన ప్యాకెట్లన్నీ తీసి, ట్యాంకులో కలిపి, ఎండిపోయిన మిరప సాళ్ళ మీద కూడా కొట్టేశాడు. చెయ్యడానికి ఇంకేమీ దొరకలేదు. కళ్ళంలో ఆరబోసిన కాయని తిరగేశాడు, అవసరం లేకపోయినా మళ్ళీ తిరగేశాడు. ఘాటుకి కళ్ళు మండి నీళ్ళు కారుతున్నా పక్కకి జరగలేదు.

గడువు ఇంకా ఉండగానే ఒక మిట్టమధ్యాహ్నం చెంచమ్మ ఫోను చేసింది. "పిల్ల వణుకుతోంది. దుప్పట్లు కప్పినా ఆగట్లా."

జక్రయ్య కళ్ళంలోంచి ఉన్నవాడు ఉన్నట్టు పరిగెత్తాడు. చెంచమ్మ వాకిట్లో అప్పటికే బాబ్జీ బండి ఆగి ఉంది. పక్కింటివాళ్ళు కబురు పంపారట. బాబ్జీ మంచం పక్కన కూర్చుని సూదిలోకి మందు లాగుతున్నాడు. ఫెబా కళ్ళు మూసుకుని ఉంది, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"పక్కన పెట్టు" అన్నాడు జక్రయ్య.

"జ్వరం భగ్గున ఉందయ్యా. ఒక్కటి పొడిస్తే దిగుద్ది. మీ డాక్టరమ్మ రిపోర్టులకి కూర్చుంటే పిల్ల పోద్ది. మార్తమ్మక్క సంగతి మర్చిపోయావా?"

జక్రయ్య సూది వైపు చూశాడు. ఆ సూది పడితే జ్వరం దిగుతుందేమో. దిగొచ్చు. అతని చెయ్యి దానంతట అదే బాబ్జీ వైపు పోయింది, బాబ్జీ మణికట్టు పట్టుకుంది, సూదిని మంచం మీదనుంచి పక్కకి తిప్పింది.

"పొడిచావంటే చెయ్యి విరుస్తా. ఆటో పిలువు చెంచమ్మా. అదే గంటలో రమ్మంది ఆమె."

గుంటూరు దాకా ఆటో గతుకుల్లో ఎగిరిపడుతూ పోయింది. జక్రయ్య దారంతా డాక్టరుకి ఫోను చేస్తూనే ఉన్నాడు. ఎత్తేదాకా చేశాడు. "సూది పడలేదు. బిళ్ళ పడలేదు. నేను ముట్టుకోలేదు" అని మూడు ముక్కలు చెప్పి పెట్టేశాడు.

వాళ్ళు వెళ్ళేసరికి ఆపరేషన్ గది సిద్ధంగా ఉంది. రక్తం తీశారు. రాత్రి వరకూ ఆగలేదు, ఆ సాయంత్రమే కాలు తెరిచారు. ముక్కలు ముందు తీసి, ఆ తర్వాతే నరంలోకి మందు ఎక్కించామని బయటికొచ్చి డాక్టరు చెప్పింది. ప్లేటు కింద ఎముక సున్నపురాయిలా పాలిపోయి ఉందట, నెత్తురు చుక్క చిమ్మేదాకా గీకిందట.

"కాలుందా?" అన్నాడు జక్రయ్య.

"ఉంది. ఇప్పటికి ఉంది. అంతకన్నా మాటివ్వను."

ఈసారి సీసాల్లో క్రిమి పెరిగింది. ఒక్కదాంట్లో కాదు, అన్నింటిలోనూ ఒకటే. మామూలుగా మనిషి చర్మం మీద బతికేదేనంది డాక్టరు. బాబ్జీ పొడిచిన సూదుల్లో ఒక్కటి కూడా దానికి పనిచెయ్యదని తేలింది. పనిచేసేవి రెండున్నాయి. వాటిని వారాల తరబడి ఎక్కించాలి, మధ్యమధ్య రక్తపరీక్షలు చెయ్యాలి. మళ్ళీ రాదని ఎవరూ చెప్పలేరు.

ఫెబా ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ చెంచమ్మతోనే మాట్లాడింది. తండ్రి ఎదురుగా నిలబడి ఉన్నా, "ఆయన తిన్నాడో లేదో అడుగు" అని చెంచమ్మతో అనేది. "తిన్నానని చెప్పు" అనేవాడు జక్రయ్య. "నేనేమన్నా మీ ఇద్దరి మధ్యన మైకునా?" అని చెంచమ్మ ఇద్దర్నీ తిట్టేది.

ఇంటికి పంపేటప్పుడు కాలు చుట్టూ ఫ్రేము, మాత్రల సంచి. ఊరి మొదట్లో ఆటోవాడు ఎటని అడిగాడు.

"చెంచమ్మ ఇంటికి" అంది ఫెబా.

జక్రయ్య సంచి దించి గుమ్మం లోపల పెట్టాడు. ఫ్రేము తగలకుండా చెంచమ్మ ఫెబాని దించుతుంటే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని పక్కకి జరిగాడు. వెళ్ళడానికి తిరిగాడు.

"ఆ మాత్రల మీద తెలుగులో రాసిచ్చారు" అంది ఫెబా. తండ్రి వైపు చూసే అంది. "చెంచమ్మకి చదువు రాదు. ఈ మందులకి నాకు అక్షరాలు అలికినట్టుంటన్నయ్. పొద్దున వచ్చి ఏది ఎప్పుడో చదివి చెప్పి పో. సంచి మాత్రం ముట్టుకోబాకు. చెంచమ్మ పట్టుకుంటది, నువ్వు చదువు."

"వస్తా."

"నేను పిలిచినాక రా. ముందే వచ్చి తలుపు కొట్టబాకు."

తెల్లవారుతుండగానే జక్రయ్య వచ్చాడు. వీధిలో పాలవాళ్ళు తప్ప ఎవరూ లేరు. తలుపు వేసి ఉంది. లోపల దగ్గు వినిపించింది, మంచం కిర్రుమంది, మళ్ళీ ఏ చప్పుడూ లేదు. ఎత్తిన చెయ్యి దించుకున్నాడు. చెంచమ్మ వాకిట్లో ఖాళీ మిరప బస్తాల దొంతర ఉంది. దానిమీద కూర్చుని, ఫెబా పిలిచేదాకా లేవలేదు.